‘ఫర్వాలేదు’ అంటే ఎంత?

క్యాంటీన్ భోజనం ఎలా ఉందన్న ప్రశ్నకు ఇద్దరు ఉద్యోగులు ‘ఫర్వాలేదు’ అనే గడిలో గుర్తు పెట్టారనుకుందాం. ఒకరి నోట అది మెప్పు. మరొకరి నోట మర్యాద చాటున దాగిన ఫిర్యాదు. కాగితం మీద మాత్రం రెండింటి విలువా 3.

రెన్సిస్ లైకర్ట్ 1932లో ప్రతిపాదించిన ఐదు గడుల పద్ధతి నేటికీ అభిప్రాయ సేకరణకు ప్రధాన సాధనం. అయితే ఈ అంకెలకు వరుస ఉన్నదే గాని సమాన దూరం లేదు. అందుచేత డెన్మార్క్ గణితజ్ఞుడు గియోర్గ్ రాష్ 1960లో గ్రంథస్థం చేసిన నమూనాను విస్తరించి, డేవిడ్ ఆండ్రిచ్ 1978లోను, జెఫ్ మాస్టర్స్ 1982లోను ఇటువంటి సమాధానాలకు అనువైన నమూనాలను రూపొందించారు. వాటిలో ఒక గడి నుంచి తరువాతి గడిలోకి వెళ్లడానికి ఒక ‘గడప’ దాటాలి. ఆ గడపల స్థానాలే పరామితులు.

చిక్కంతా ఇక్కడే. ఆ గడపలు అందరికీ ఒకే చోట ఉన్నాయా? ఫలానా విభాగంలో అసంతృప్తి హెచ్చు అని తేల్చి, దానిపై నిర్ణయాలు తీసుకొనే ముందు ఈ సంగతి పరీక్షించక తప్పదు. ప్రశ్నావళిని తెలుగు, హిందీ, ఆంగ్ల భాషల్లో ముద్రించే చోట ఇది మరీ అవసరం. అనువాదంలో ఒక్క మాట బరువు మారినా, మారింది ఉద్యోగి మనసేనని భ్రమపడతాం.

ఎర్లింగ్ ఆండర్సన్ 1973లో సూచించిన పరీక్షలో జనాన్ని ముందుగా సమూహాలుగా విడదీసి, ఒక్కొక్క సమూహపు పరామితులను విడిగా అంచనా కట్టి పోల్చాలి. స్త్రీలు, పురుషులు అని విడదీయడం తేలికే. సర్వీసును ఎక్కడ ఖండించాలి? పదేళ్ల వద్దనా, ఇరవై ఏళ్ల వద్దనా?

ఎడ్గర్ మెర్కల్, ఆకిమ్ సైలైస్ 2013లో ఆర్థిక గణాంకాల నుంచి ఒక ఉపాయాన్ని మానసిక కొలతలకు తెచ్చారు. అది తరువాత రాష్ కుటుంబపు నమూనాలకూ వర్తించింది. ప్రతి వ్యక్తి సమాధానమూ పరామితిని కొంత పైకో కిందికో లాగుతుంది. అంచనా కుదిరిన చోట ఆ లాగుళ్ల మొత్తం సున్న. ఇప్పుడు ఉద్యోగులను సర్వీసు వరుసలో నిలిపి, ఆ లాగుళ్లను ఒక్కొక్కటిగా కూడుతూ పోవాలి. గడప స్థిరంగా ఉంటే మొత్తం సున్న చుట్టూ ఊగిసలాడుతుంది. ఎక్కడో జరిగి ఉంటే ఒకే వైపు సాగి, ఒక చోట మలుపు తిరుగుతుంది. గడప జరిగింది ఇంచుమించు అక్కడే. హోదాల వంటి వరుసలో మాత్రం ఒకే హోదా వారిలో ముందువెనుకలు లేవు. కనుక ఒక్కొక్క హోదా ముగిసిన చోటనే మొత్తాన్ని చూడాలి.

సమాధానాలు వేలల్లో ఉంటే స్వల్పమైన తేడా కూడా బయటపడుతుంది. అది పట్టించుకోదగినదా కాదా అన్నది వేరుగా తేల్చుకోవాలి. జరిగిందని పరీక్ష చెబుతుంది, కారణం చెప్పదు. అందుకు క్యాంటీన్‌కు వెళ్లి అడగవలసిందే. గడప జరిగిన ప్రశ్నను పోలికలో నుంచి తొలగించవచ్చు. లేదా ఆయా సమూహాలకు వేర్వేరు గడపలు ఇవ్వవచ్చు. అన్ని ప్రశ్నల గడపలూ ఒకే దిశలో, ఒకే మేర జరిగితే మాత్రం ఈ పరీక్షకు చిక్కవు. ఆ సమూహమే అసంతృప్తిగా ఉన్నట్లు లెక్కలో కనిపిస్తుంది.