చమురు బావికి బురదయే కాపు

మంచినీటి నూతిలో జల ముబికివచ్చుట రైతుకు భాగ్యము. చమురు బావిలో వాయువు తనంతట నుబికివచ్చుట ప్రమాదము.

వేల యడుగుల లోతున రాతిపొరలలో వాయువు గొప్ప యొత్తిడితో నణగియుండును. త్రవ్వునపుడు దాని నడ్డునది రంధ్రమున నింపిన బురద. బంకమన్నును, మన మంగంపేట గనులలో దొరకు ముగ్గురాయి పొడిని నీట కలిపి దీనిని చేయుదురు. బురద తేలికయైనచో వాయువు తన్నుకొనివచ్చును. మరీ బరువైనచో రాయి చీలి, బురద యందు ఇంకి, మట్టము తగ్గును. అప్పుడును వాయువుదే పైచేయి. ఈ తూకము నిలుపుటయే కష్టము.

త్రవ్విన మేరకు ఉక్కు గొట్టములు దింపి, చుట్టును సిమెంటు పోయుదురు. అది సరిగా పట్టనిచో ఆ సందున వాయువు ప్రాకి మంచినీటి పొరలను చేరవచ్చును.

1995 జనవరి 8వ తేదీన కోనసీమలోని పాశర్లపూడి బావి యదుపు తప్పి, 65 దినములు మండెను. చుట్టుపట్లవా రిండ్లు విడువవలసివచ్చెను.

కావున బావికి భూమి నిచ్చు రైతులు పైకము మాత్రమే గాక, సిమెంటు పరీక్ష జరిగినదా యనియు నడుగవలయును. పనికి ముందే తమ నూతినీటిని పరీక్షింపించి, ఫలితమును భద్రపరచుకొనవలయును. నూతినీట బుడగలు లేచినచో నిప్పు దరిజేర్పక, వెంటనే అధికారులకు తెలుపవలయును.