భీమిలి రేవులో నేతగాని జాడ

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములవారికి సముద్రము చాలవరకు పుస్తకములలోనిదే. ప్రబంధముల అష్టాదశ వర్ణనలలో సముద్రవర్ణన యొకటి. మా విద్యార్థులు దానినిగూర్చి పరీక్షలో పుటలు నింపుదురు గాని, వారిలో అలను కన్నులార చూచినవారు అరుదు. కాలువలో తుంగభద్ర నీరు వచ్చిననాడే పండుగ చేసికొను సీమ మాది. అట్టివారు సెలవులలో విశాఖపట్టణము దాక పోయినచో అచటనే ఆగిపోక, తీరము వెంబడి ఉత్తరముగా మరి సుమారు 25 కిలోమీటర్లు పోయి భీమునిపట్టణమును చూచి రావలెనని నా మనవి. గుంతకల్లులో బండి మారి విశాఖ చేరినవారికి అచటినుండి బస్సులు కలవు.

దారిలోనే తొట్లకొండ కలదు. బౌద్ధభిక్షువులు రెండువేల యేండ్లకు పూర్వము నివసించిన ఆ కొండకు, వాననీటిని నిలువచేయుటకై వారు రాతిలో తొలిచిన తొట్లనుబట్టియే ఆ పేరు కలిగినది. ఎదుట అంతులేని నీరు, త్రాగుటకు మాత్రము చుక్కలేదు! బిందెలు వరుసలో పెట్టి నిరీక్షించుట యెరిగిన మావారికి ఆ తొట్ల విలువను ఎవరును వేరుగ చెప్పనక్కరలేదు.

భీమునిపట్టణము గోస్తనీనది సముద్రమున కలియుచోట నున్నది. జనులు భీమిలి యందురు. ఒకవైపు కొండ, దానిపై నరసింహస్వామి ఆలయము. క్రింద పాత వీధులు, గడియార స్తంభము, దీపస్తంభము, ఇసుకపైకి లాగి యుంచిన పడవలు. పదునేడవ శతాబ్దమున డచ్చివారు ఇచట వర్తకస్థానము నేర్పరచుకొనిరి. 1825లో అది ఆంగ్లేయుల పరమైనది. 1861లోనే ఇచట పురపాలక సంఘము వెలసినది. కాని రైలుమార్గము ఈ యూరిని ప్రక్కకు విడిచి సాగినది. 1933లో విశాఖ నౌకాశ్రయము తెరువబడిన పిమ్మట పెద్ద యోడలకు ఇచట పని తగ్గినది. నేడు ఊరు మహావిశాఖ నగరపాలక సంస్థలో భాగము; వచ్చువారు ఓడలకొరకు కాక గాలికొరకు వచ్చుచున్నారు.

రేవుగా క్షీణించి విహారస్థలముగా బ్రతికిన ఊళ్ళు ఇతర దేశములందును కలవు. ఇటలీలో వియరెజ్జో యను తీరపట్టణ మొకప్పుడు లుక్కా రాజ్యమునకు రేవు. పందొమ్మిదవ శతాబ్దమున సముద్రస్నానములకు ప్రసిద్ధి కెక్కినది. మన భావకవుల కారాధ్యుడైన షెల్లీ 1822లో పడవ మునిగి మరణింపగా, ఆయన దేహము కొట్టుకొని వచ్చినది ఆ ప్రాంతపు తీరమునకే. పరదేశియైనను ఆ కవి పేరును అచటివారు ఒక కూడలికి పెట్టుకొనిరి.

భీమిలిలోను పరదేశీయుల పేళ్ళు నిలిచియున్నవి. డచ్చివారి శ్మశానవాటికలో గోపురాకృతిగల సమాధులు, శిలలపై చెక్కిన పేళ్ళు, తేదీలు, వంశచిహ్నములు నేటికిని కానవచ్చును. ఉప్పుగాలికి కొన్ని యక్షరములు తినివేయబడినవి. యాత్రికులు వానిముందు నిలిచి ఛాయాచిత్రములు తీయించుకొనుచున్నారు. తప్పులేదు. కాని వీరంత దూరమునుండి వచ్చిన దెందులకు? ముఖ్యముగా మన బట్టకొరకు. మసాలాదినుసుల ద్వీపములలో బంగారముకన్న మన నూలుబట్ట ఎక్కువగా చెల్లెడిది. దళారులద్వారా నేతగానికి ముందుగా బయానా ఇచ్చెడివారు. బట్ట తెచ్చిన పిమ్మట కొలిచి, నాణ్యము చూచి, తరగతులుగా విడదీసి ధర కట్టెడివారు, నచ్చనిది త్రోసివేసెడివారు. నేసినవానికి ధర చెప్పు నధికారము స్వల్పము. బయానా తీరువరకు మగ్గము అతనిదైనను శ్రమ ఒరులది. ఆ నేతగాని పేరు ఈ తీరమున ఏ శిలమీదను లేదు.

ఎమ్మిగనూరువారికి ఇది పరాయి కథ కాదు. పెట్టుబడిదారుని నూలు తెచ్చుకొని, అతడిచ్చిన కూలికి నేయు పద్ధతినుండి సాలెవారిని తప్పించుటకే మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘమును స్థాపించిరి. 1954లో ఆయనకు పద్మశ్రీ లభించినది. మగ్గముమీద పెరిగినవాడు భీమిలి సమాధుల నడుమ నిలిచినచో, చరిత్రోపాధ్యాయుడు చెప్పలేని సంగతులు అతనికి తోచునని నా నమ్మకము.

ఆశ్వయుజ, కార్తికములలో ప్రయాణము పెట్టుకొనరాదు. అది తుఫానుల కాలము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ తీరమును ఎట్లు ఊడ్చినదో అందరెరిగినదే. మాఘ ఫాల్గుణములు మేలు. ఒకరోజు వ్యవధి యున్నవారు ఇంకను ఉత్తరముగా శ్రీకాకుళము జిల్లా పొందూరునకు పోవచ్చును. అచటి స్త్రీలు వాలుగచేప దవడయెముకతో పత్తిని శుభ్రపరచి, సన్ననినూలు వడుకుదురు. ఆదోని యార్డులో పత్తిని బేళ్ళలెక్కన చూచుటకు అలవాటుపడిన మన కన్నులకు, గింజగింజకు దువ్వబడు ఆ పిడికెడు పత్తి సముద్రముకన్న వింతగా కనబడును.