యంత్రం మీద మిట్ట ఎక్కడం

కలికిరి, పుంగనూరు, కుప్పం వైపుల నుండి వచ్చే పెద్దలకు టి.ఎం.టి. పరీక్ష రాసినప్పుడు మేము ఎక్కువగా వినే మాట, "ఆ మిషన్ పైకి లేస్తుందంట కదా, పడిపోతే ఎట్లా?" అని. లేచేది నిజమే. ఎందుకు లేస్తుందో, ఎంత లేచిందో ఎవరు చూస్తుంటారో ఈసారి చెప్పుకుందాం.

చదును నేల మీద నడిచేటప్పుడు రాని ఎదనొప్పి మిట్ట ఎక్కేటప్పుడు వస్తుందని మీరే మాకు చెబుతుంటారు. పరీక్ష రహస్యమంతా అందులోనే ఉంది. గంటకు 2.7 కిలోమీటర్ల వేగమంటే మెల్లని నడక. చదునుగా నడిస్తే, ఊరికే కూర్చున్నప్పటి కంటే రెండింతలకు కొంచెం ఎక్కువ ప్రాణవాయువు ఖర్చవుతుంది. అదే వేగానికి 10 శాతం వాలు కలిపితే అది దాదాపు నాలుగున్నర రెట్లవుతుంది. 10 శాతం అంటే అడ్డంగా వంద అడుగులు పోయేసరికి పది అడుగుల ఎత్తు. పరిగెత్తించకుండానే గుండెను పరీక్షించగలగడం ఈ వాలు వల్లే.

అమెరికాలోని సియాటిల్‌లో రాబర్ట్ బ్రూస్ అనే హృద్రోగ వైద్యుడు 1963లో ప్రచురించిన పద్ధతినే నేటికీ ఎక్కువచోట్ల వాడుతున్నారు. మూడు నిమిషాలకొక మెట్టు. మొదటిది 10 శాతం వాలు, తరువాత 12, ఆపై 14. వేగమూ 2.7 నుండి 4కు, తరువాత 5.5 కిలోమీటర్లకు పెరుగుతుంది. వయసు మళ్ళినవారికి, బలహీనులకు చదునుతోనే మొదలుపెట్టే సవరించిన పద్ధతి ఉంది.

యంత్రంలో మోటార్లు రెండు. ఒకటి బెల్టును తిప్పుతుంది. రెండవది పొడవాటి స్క్రూను తిప్పితే, లారీ కింద జాకీ పెట్టినట్టు ముందు భాగం మెల్లగా లేస్తుంది. ఎంత లేపాలో కంప్యూటర్ ఆజ్ఞ ఇస్తుంది. ఎంత లేచిందో తిరిగి చెప్పడానికి ఒక సెన్సార్ ఉంటుంది. కొన్నిట్లో అది పాత రేడియోలో శబ్దం పెంచే బిరడా లాంటిది, మరికొన్నిట్లో స్క్రూ తిరిగిన చుట్లను లెక్కపెడుతుంది. అడిగినదీ, అందినదీ సమానమయ్యే వరకు మోటారు తిరిగి, ఆగిపోతుంది. పైన, కింద హద్దు దాటకుండా మోటారుకు కరెంటు తెంచే స్విచ్చులు ఉంటాయి. మన వైపు కరెంటు సంగతి తెలిసిందే కదా! కరెంటు పోతే బెల్టు ఆగుతుంది గాని, స్క్రూ మర బిగువు వల్ల వాలు ఒక్కసారిగా కూలబడదు.

అయితే సెన్సారే తప్పు చెబితే? ఒకసారి తెర మీద 10 శాతం కనబడుతుంటే, మేము కొలిచి చూస్తే 8 కూడా లేదు. ఆ రోజు పరీక్షలన్నీ ఆపేశాము. తక్కువ మిట్ట ఎక్కినవారిని ఎక్కువ ఎక్కినట్టు లెక్కగట్టి "మీకేమీ లేదు" అని ఇంటికి పంపడం కంటే ప్రమాదమేముంది? సరిచూడడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. ముందు చదునుగా పెట్టి మేస్త్రీల రసమట్టంతో చూడాలి. తరువాత 10 శాతం పెట్టి, నేల మీద 50 సెంటీమీటర్ల ఎడంతో రెండుచోట్ల బెల్టు ఎత్తు కొలవాలి. తేడా 5 సెంటీమీటర్లు రావాలి.

లెక్క తప్పడానికి మరో కారణం మీ చేతుల్లోనే ఉంది. భయంతో ముందు కడ్డీ మీద బరువంతా వేస్తే కాళ్ళకు, గుండెకు పని తగ్గుతుంది, యంత్రానికి ఆ సంగతి తెలియదు. పట్టు తప్పకుండా వేళ్ళు ఆనిస్తే చాలు.

యంత్రం వాలును చూస్తుంది, మేము మిమ్మల్ని చూస్తుంటాం. ఇ.సి.జి. నిరంతరం నడుస్తుంది, ప్రతి మెట్టులో బి.పి. చూస్తాం. ఎదలో బరువు, తల తిరగడం, మితిమీరిన ఆయాసం, ఏది వచ్చినా వెంటనే చెప్పండి. "ఇంకొంచెం ఓర్చుకుందాం" అనుకోవద్దు. ఆపే ఎర్ర బటన్ చేతికందేంత దగ్గరలోనే ఉంటుంది.

వచ్చేటప్పుడు చెప్పులు కాక బూట్లు తెచ్చుకోండి. మోకాళ్ళ నొప్పులుంటే ముందే చెప్పండి, వారికి వేరే పరీక్షలున్నాయి. మీరు వాడే మాత్రల చీటీ తప్పక తీసుకురండి. వాటిలో ఏది ఆపాలో, ఏది వేసుకోవాలో డాక్టరుగారే చెబుతారు.