ఉష్ణజలజీవులు – వాని త్రాటి పురి

నేను ముప్పది సంవత్సరములకు పైగా బడిలో తెలుగు చెప్పితిని. చిన్న బడి యగుటచే ప్రకృతిశాస్త్రము కూడ నా నెత్తిననే పడెను. నీరు తెరల గాచినచో అందులో నే ప్రాణియు బ్రదుకదని ఏటేట పిల్లలచేత వల్లె వేయించితిని. ఉద్యోగము విరమించిన పిదప తీరికగా చదువుకొనగా, ఆ మాట పూర్తిగా నిజము కాదని తెలిసినది.

అమెరికాదేశమున యెల్లోస్టోన్ అను పర్వతప్రాంతము కలదు. భూగర్భములోని వేడిచే అచ్చటి యూటలు నిరంతరము పొగలు గ్రక్కుచుండును. థామస్ బ్రాక్ అను శాస్త్రజ్ఞుడు అచ్చట శోధించి, సల్ఫోలోబస్ అను సూక్ష్మజీవిని గూర్చి 1972 లో లోకమునకు దెలిపెను. అది గంధకపుటూటలలో, ఆమ్లజలములో, సెంటిగ్రేడు 75, 80 డిగ్రీల వేడిమియందు సుఖముగా పెరుగును. తరువాత సముద్రగర్భమున నూరు డిగ్రీలు మించిన వేడిలో పెరుగు జీవులును దొరకినవి. అచ్చటి యొత్తిడి మిక్కుటమగుటచే నూరు దాటినను నీరు మరగదు.

ఈ సంగతి విని మా పొరుగు పెద్దమనిషి యొకరు, “అట్లయిన నీరు కాచి త్రాగుట దండుగయే కదా, పంతులుగారూ!” అనిరి. కాదు. కలరా, టైఫాయిడు కలిగించు సూక్ష్మజీవులు మరుగునీటిలో నశించును. ఈ వేడినీటి జీవులకో, మన శరీరపు వేడి చాలదు. అవి మనలో పెరుగనే పెరుగవు. కాచుట మానకుడు.

ఇక అసలు విషయము. ప్రతి జీవకణమునందును డి.ఎన్.ఎ. అను మిగుల సన్నని పోగు కలదు. జీవి తనకు కావలసిన మాంసకృత్తులను తయారుచేసికొను విధమంతయు అందు లిఖితమై యున్నది. అది పురిపెట్టిన రెండు పేటల త్రాడని 1953 లో వాట్సన్, క్రిక్ అనువారు వెల్లడించిరి. పేటలను కలిపి పట్టియుంచు బంధములు బలహీనములు. అట్లుండుటయే మేలు, కట్టు విప్పక తాటాకుల గ్రంథమును చదువుట యెట్లు? డి.ఎన్.ఎ.ను చదువవలసినపుడును పేటలు కొంచెము విడివడవలెను. కాని దాని తునకను గాజుపాత్రలో 95 డిగ్రీల వరకు కాచినచో పేటలు పూర్తిగా వేరగును. మరి సల్ఫోలోబస్ వంటి జీవులలో నా త్రాడు విడిపోకుండుటకు హేతు వేమి?

త్రాడు పేనిన మీకు దీనిని వివరించుట సులభము. రెండు పేటల మోకును ఇద్దరు చెరొక కొన పట్టుకొని, పురి యున్న వైపునకే ఇంకను త్రిప్పినచో బిగిసిపోవును. కొంచెము వదలగానే తనపై తాను మెలివడును. ఎదురు త్రిప్పినచో పేటలు సడలి నడుమ వ్రేలు దూరును. సూక్ష్మజీవులలో డి.ఎన్.ఎ. సాధారణముగా కొనలు లేని వలయము. కొన లేని త్రాటికి పురి యెక్కింపవలెనన్నను, తీయవలెనన్నను, కోసి, త్రిప్పి, మరల అతుకవలసినదే. ఈ పని చేయు ఎంజైములు కలవు. మన ప్రేవులలో నుండు ఒక సూక్ష్మజీవియందు పురి సడలించు గైరేజ్ అను ఎంజైమును 1976 లో మార్టిన్ గెల్లర్ట్ బృందము కనుగొనినది. 1984 లో జపానుదేశపు కికూచీ, అసాయి అనువారు సల్ఫోలోబస్‌లో దానికి విపరీతమైన దానిని కనుగొనిరి. అది ఒక పేటను కోసి, రెండవ పేటను ఆ సందున దాటించి, మరల అతికి, పురి యెక్కించును. దానికి రివర్స్ గైరేజ్ అని పేరు.

వేడికి పేటలు విడిపోవును గనుక, జీవి పురి బిగించుకొనుచున్నది! ఇంతకంటె చక్కని సమాధానము కలదా? నేనును అట్లే సంతోషించితిని. 2002 లో ఫోర్టెర్ అను ఫ్రెంచి పండితుడు అనేక జీవుల డి.ఎన్.ఎ. లిఖితములను పోల్చి, అత్యుష్ణజీవు లన్నిటను ఉండి, సామాన్యపు వేడిలోని జీవులలో లేని మాంసకృత్తు ఇదియొక్కటియే యని చూపెను.

కాని చిక్కులు లేకపోలేదు. 1994 లోనే ఫోర్టెర్ తన తోటి శాస్త్రజ్ఞురాలితో గూడి, తెగని డి.ఎన్.ఎ. వలయము అదనపు పురి లేకయే 107 డిగ్రీల వరకు పేటలు వీడకుండునని నిరూపించి యుండెను. కొన లేనందున పురి విప్పుకొనుటకు దారి లేదు గదా! అంతియ కాదు. థెర్మోటోగా అను జీవి 80 డిగ్రీల వేడిలో బ్రదుకును. దానియందు బిగించు ఎంజైమును, సడలించు ఎంజైమును రెండును కలవు. దాని చిన్న వలయమును పరీక్షింపగా పురి సడలియే యుండెను.

2004 లో జపానులో ఆటోమి ప్రభృతులు థెర్మోకాకస్ అను జీవినుండి రివర్స్ గైరేజ్‌ను తయారుచేయు లిఖితమునే చెరపివైచిరి. అది చావలేదు. 90 డిగ్రీలలో సయితము, మందముగానైనను, పెరిగెను. 93 డిగ్రీలలో మాత్రము పెరుగలేదు. అనగా నీ ఎంజైము ప్రాణాధారము గాదు. వేడి హెచ్చినకొలది దాని యవసరము హెచ్చును.

ఆ యేడే కాంప్‌మన్, స్టాక్ అను నిరువురు వేరొక మార్గమున చూచిరి. వేడికి పేటలు వీడుటకంటె త్రాడు తెగుట గొప్ప యపాయము. ఒకమారు తెగెనా, వలయమునకు కొనలేర్పడును. కొన దొరకిన త్రాడు వీడుటకు దారి దొరకినట్లే. ఈ ఎంజైము పేట చిట్లినచోటును గుర్తించి, దానిపై పలువురు చేరి కప్పినట్లు గుంపుగా నంటుకొనును. 90 డిగ్రీలలో దీనిని చేర్చినపుడు త్రాడు తెగుట దాదాపు 8 రెట్లు మందగించెను. వింత యేమన, పురి యెక్కించు శక్తితో నిమిత్తము లేకయే యిట్లు రక్షించినది.

పురి యెక్కించునని పేరు వచ్చిన పనివాడు, చిట్లిన పేటకు కట్టు కట్టుటయందును ఇంత నేర్పరి!