రేవు దాటిన పుట్ట పూజ
పొలం గట్టు నుండి మోపిదేవి క్యూలైనుకు నాగుల చవితి

పెనుమూడి (రేపల్లె): దీపావళి వెళ్లిన నాలుగవ నాడు, కార్తీక శుద్ధ చవితి ఉదయాన, ఆవుపాలు, చలిమిడి, చిమ్మిలి పట్టుకొని పొలం గట్టు మీది పుట్ట వద్దకు ఇంటిల్లిపాది వెళ్లడం కృష్ణా డెల్టాలో తరతరాల ఆచారం. ఈ పూజకు గుడి అక్కరలేదు, పురోహితుడు తప్పనిసరి కాదు. పుట్ట ఉంటే చాలు. నేడు ఆ పుట్టలే కరవవుతున్నాయి.

భయమే భక్తిగా..

వరి పండే చోట ఎలుకలు చేరుతాయి. ఎలుకల వెంట పాములు వస్తాయి. పంటను కాచేదీ, రైతును కాటు వేయగలిగినదీ ఆ పామే. ఈ రెండు సత్యాలను ఎరిగిన రైతు కుటుంబం ఏడాదికొకమారు పుట్ట ముందు నిలిచి, తమ జోలికి రావద్దని వేడుకొనడమే నాగుల చవితి సారాంశం. పాలు పోసిన పిమ్మట పుట్టమన్ను చెవులకు రాసుకొనడం కూడా ఇందులో భాగమే.

వంతెన తెచ్చిన మార్పు

ఒకప్పుడు పెనుమూడి రేవులో పడవ ఎక్కితేనే ఆవలి ఒడ్డున ఉన్న పులిగడ్డకు చేరేవారు. రోడ్డు మార్గాన వెళ్లాలంటే విజయవాడ మీదుగా చుట్టు తిరగవలసి వచ్చేది. 2000 దశకంలో పెనుమూడి-పులిగడ్డ వంతెన అందుబాటులోకి రావడంతో ఆ దూరం తరిగిపోయింది. వంతెన దాటిన కొద్ది దూరంలోనే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి క్షేత్రం ఉంది. రేపల్లె, తెనాలి, బాపట్ల ప్రాంతాల వారికి అది ఇప్పుడు ఒక పూటలో వెళ్లి రాగల యాత్ర.

మోపిదేవి మూలం కూడా పుట్టే. వీరారపు పర్వతాలు అనే కుమ్మరి భక్తునికి స్వామి కలలో కనిపించి, పుట్టలోని తన ఉనికిని తెలిపారని స్థలపురాణం. ఆయన మట్టితో బొమ్మలు చేసి, కాల్చి, స్వామికి సమర్పించేవాడట. నేటికీ గర్భాలయంలో పానవట్టం వద్ద గల రంధ్రంలో పాలు పోస్తారు. సంతానం కోరేవారు, సర్పదోష నివారణ పూజలు చేయించేవారు, పిల్లలకు చెవులు కుట్టించేవారు ఏడాది పొడవునా వస్తుంటారు. పొలంలో ఖర్చు లేకుండా జరిగే పూజకు ఇక్కడ టికెట్టు, క్యూలైను, ప్రసాదం కౌంటరు తోడయ్యాయి.

పట్టణాలలో..

పొలాలు ఇళ్ల స్థలాలుగా మారిన చోట పుట్ట మిగలదు. అపార్ట్‌మెంట్లలో కొందరు ఇంట్లోనే నాగప్రతిమకు అభిషేకం చేసుకొంటున్నారు. మరికొందరు ఆలయ ఆవరణలో మిగిలిన ఒకే పుట్ట వద్ద బారులు తీరుతున్నారు. పొలంలో నాలుగు చుక్కలు పడే పుట్టలో అక్కడ బిందెల కొద్దీ పాలు పడుతున్నాయి. పాలు పాముకు సహజాహారం కాదు. పుట్టలోకి పాలు, పసుపు, కుంకుమ అధికంగా చేరితే లోపలి జీవులకు ఊపిరాడదు. అందువల్ల నాలుగు చుక్కలు చిలకరించి, మిగిలిన పాలను పిల్లలకు ఇవ్వడం ఉభయతారకం. పాములను పట్టి ఆడించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని కూడా గుర్తుంచుకోవాలి.

మరువరానిది

ఆచారం చోటు మారినా దాని వెనుకనున్న ప్రమాదం మారలేదు. దేశంలో 2000 నుండి 2019 వరకు పాముకాటుకు ఏటా సగటున 58 వేల మంది బలయ్యారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అధిక మరణాలు సంభవించే రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మృతులలో ఎక్కువ మంది గ్రామీణులే. కాటు పడిన వెంటనే మంత్రాలకు, నాటు వైద్యానికి పోక, కదలిక తగ్గించి ఆసుపత్రికి తరలించాలి. విషానికి విరుగుడు ఇంజెక్షను అక్కడే లభిస్తుంది.

పుట్టకు మొక్కిన పెద్దలు పాము తిరిగే చోటు ఎరిగి అడుగు వేసేవారు. కారులో వంతెన దాటి మొక్కు తీర్చుకొని వచ్చే తరానికి పూజ అందింది. ఆ ఎరుకను కూడా అందించవలసిన బాధ్యత ఇంటి పెద్దలదే.