మీకు తెలుసా? ఆబ్జెక్టుకు కనబడని స్టాటిక్

జావాస్క్రిప్ట్‌లో ఒక విలువ అర్రే అవునా కాదా అని తేల్చుకోవాలంటే ఆ విలువను అడగం. అర్రే.ఈజ్‌అర్రే అంటూ నేరుగా క్లాసునే అడుగుతాం. చేతికొచ్చింది అన్‌డిఫైన్డ్ అయితే, దాని మీద ఏ మెథడ్ పిలిచినా టైప్‌ఎర్రర్ వచ్చి ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది కదా! అందుకే 2009 నాటి జావాస్క్రిప్ట్ ప్రమాణం ఈఎస్5లో ఈజ్‌అర్రేను అర్రే మీదే పెట్టారు. ఇలా క్లాసు మీదే ఉండేవి స్టాటిక్ మెథడ్లు. పుష్, మ్యాప్ ఇన్‌స్టెన్స్ మెథడ్లు. వాటికి ముందు ఒక అర్రే ఉండాలి. డేట్.నౌ స్టాటిక్, గెట్‌టైమ్ ఇన్‌స్టెన్స్.

క్లాసులోనే స్టాటిక్ అని రాసే వీలు మెథడ్లకు 2015లో వచ్చింది. ఫీల్డులకు 2022 దాకా ఆగాల్సి వచ్చింది.

జావా నేర్చుకుని ఇటు వచ్చినవాళ్లు తడబడేది ఇక్కడే. టికెట్ అనే క్లాసులో స్టాటిక్ టోటల్ = 0 అని పెట్టి, కన్‌స్ట్రక్టర్‌లో దిస్.టోటల్++ అని రాశారనుకోండి. జావాలో లెక్క పెరుగుతుంది. జావాస్క్రిప్ట్‌లో స్టాటిక్‌గా పెట్టినవి ఆబ్జెక్టుకు కనబడవు. దిస్.టోటల్ అన్‌డిఫైన్డ్, దానికి ఒకటి కలిపితే నాన్, అంటే అంకె కానిది. ఆ నాన్ కొత్త ఆబ్జెక్టులో కూర్చుంటుంది, క్లాసులోని టోటల్ 0గానే ఉంటుంది. ఎర్రర్ ఏమీ రాదు. నన్నడిగితే ఎర్రర్ వచ్చి ఆగిపోవడమే నయం, తప్పెక్కడుందో వెంటనే తెలుస్తుంది. టికెట్.టోటల్++ అని రాస్తే సరిపోతుంది.

వారసత్వంలో ఇంకో మెలిక ఉంది. టికెట్ నుంచి రైల్‌టికెట్ అనే క్లాసు తీశాం. టికెట్.టోటల్ 5 ఉంటే, రైల్‌టికెట్.టోటల్ చదివినా 5 వస్తుంది. తనకంటూ లేదు కాబట్టి పై క్లాసుది చూపిస్తుంది. ఇప్పుడు రైల్‌టికెట్.టోటల్++ అనండి. చదవడం పై క్లాసు నుంచి, రాయడం మాత్రం తనలోనే! రైల్‌టికెట్‌కు సొంతంగా 6 పుడుతుంది, టికెట్‌లో 5 అలాగే ఉంటుంది. అక్కడి నుంచి రెండు లెక్కలూ వేరు. కన్‌స్ట్రక్టర్‌లో దిస్.కన్‌స్ట్రక్టర్.టోటల్++ అని రాసినా, రైల్‌టికెట్ తయారైనప్పుడు జరిగేది ఇదే. టోటల్‌లో అంకె బదులు అర్రే పెట్టి పుష్ చేస్తే ఇలా విడిపోదు, రెండు క్లాసులకూ ఆ ఒక్క అర్రేయే.

కాబట్టి అన్నిటికీ కలిపి ఒకే లెక్క కావాలంటే పై క్లాసు పేరుతోనే పెంచండి. దేని లెక్క దానికి కావాలంటే ప్రతి క్లాసులోనూ స్టాటిక్ టోటల్ = 0 అని విడిగా రాసుకుని, దిస్.కన్‌స్ట్రక్టర్.టోటల్++ అని పెంచండి.