పాత యింటి మరమ్మతు



ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అనునది మన లోకోక్తి. ఈ రెండు పనులును నేను చేసితిని. ఆ రెంటికంటెను కష్టమైనది మూడవది యొకటి కలదని నా యరువదవ యేట తెలిసికొంటిని. అది పాత యిల్లు బాగుచేయించుట. క్రొత్త యింటికి ఖాళీ నేల యుండును. మన యిష్టము వచ్చినట్లు గీత గీసికొనవచ్చును. పాత యింటికి గీత వేరొకరు గీసిపోయిరి. వారేల యట్లు చేసిరో యడుగుదమన్న వారు లేరు. గోడను, కొయ్యను, పెంకును జూచి మనమే గ్రహింపవలెను. గ్రహింపక చేయి పెట్టినచో నేమగునో నేను స్వయముగా ననుభవించితిని గావున, ఆ సంగతియే యీ పూట మీతో ముచ్చటింతును.

మా యిల్లు కోనసీమలో నొక చిన్న గ్రామమున నున్నది. రక్తాక్షి నామ సంవత్సరమున, అనగా 1924లో, మా ముత్తాతగారు దానిని కట్టించిరి. ఆ సంవత్సరము పేరు నేటికిని సింహద్వారపు పైకమ్మి మీద చెక్కబడి యున్నది. అది మండువా లోగిలి. వీథి వైపున అరుగులు, లోపల సావడి, నడుమ ఆకాశమునకు తెరచియున్న మండువా, దాని నలుప్రక్కల వసారాలు, గదులు. వెనుక వంటయిల్లు, ఆపైన పెరడు. నాలుగు దిక్కుల కప్పులును మండువా లోనికి వాలియుండును. వాన కురిసినపుడు నాలుగు చూరుల నీరును అందు పడి, తూము గుండ పెరటిలోనికి పోవును. తొలి వాననీటిని మా బామ్మగారు గంగాళములలో పట్టుచుండగా, తడవవద్దనుచున్నను పిల్లల మందరమును ఆ ధారల క్రింద నిలిచెడివారము.

మండువా చూపునకు సొంపు గూర్చుటకే యేర్పడినది కాదు. వేసవిలో నింటిలోని వేడిగాలి తేలికయై దాని గుండ పైకి పోవును. ఆ చోటు నింపుటకు పెరటి చెట్ల నీడనుండి చల్లని గాలి తలుపుల గుండ లోనికి వచ్చును. గోడలు రెండడుగుల మందము గలవి. మధ్యాహ్నపు టెండ ఆ మందమును దాటి లోనికి వచ్చునప్పటికి ప్రొద్దు గ్రుంకును. స్తంభములు, దూలములు బర్మా టేకు. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట గోదావరి కాలువలు పంటలకే గాక పడవల రాకపోకలకును తోడ్పడినవి. రంగూను నుండి కాకినాడ రేవునకు ఓడలలో వచ్చిన కలప, ఆ కాలువల మీదుగా మా యూరు చేరినదని మా తాతగారు చెప్పుచుండెడివారు.

ఇక నా తప్పు చెప్పెదను. 1996 నవంబరు 6వ తేదీన వచ్చిన తుపాను కోనసీమను ఊడ్చివేసిన సంగతి మీలో పలువురకు జ్ఞాపకముండును. కొబ్బరితోటలు నేలకూలినవి. మా యింటి పెంకులు సగము లేచిపోయినవి. గోడలు మాత్రము కదలలేదు. నేనేమి చేసితినో వినుడు. కదలిన కప్పును అరకొరగా సరిపెట్టి, కదలని గోడలను బాగుచేయబూనితిని. వానకు తడిసి సున్నపుబూత అచ్చటచ్చట రాలియుండెను. దానిని గీయించివేసి, లోపలను వెలుపలను గట్టి సిమెంటు పూత పూయించి, దానిపై నిగనిగలాడు రంగు వేయించితిని. ఇక నూరేండ్లు చూడనక్కరలేదని గర్వపడితిని.

నాలుగేండ్లు గోడ అద్దమువలె నుండెను. పిమ్మట మోకాలి యెత్తున చెమ్మ కనబడినది. మరి రెండేండ్లకు నడుమెత్తునకు లేచినది. రంగు పొరలు పొరలుగా లేచి, వెనుక తెల్లని ఉప్పు పొడి రాలజొచ్చెను. నేను మరల సిమెంటు పూయించితిని. చెమ్మ మరికొంత పైకి ప్రాకినది. ఇదిట్లుండగా కప్పులో నేనుపేక్షించిన సందుల గుండ నీరు గోడ తలపై దిగుచుండెను. 2018లో నేనుద్యోగము నుండి విరమించి యింటికి వచ్చునప్పటికి, ఈశాన్యపు గదిలో గోడపై నానియున్న దూలపు కొన చివికి, వ్రేలితో నొక్కిన దిగబడుచుండెను.

మా తమ్ముడు హైదరాబాదున నుండును. ఇంటిలో సగపాలు వానిది. వాడు వచ్చి చూచి, "అన్నయ్యా, దీనిలో విలువైనది కొయ్య యొక్కటే. కలప వర్తకుడు మంచి ధర చెప్పుచున్నాడు. అమ్మి చెరి సగము తీసికొందము. గోడల మీద మమకారముతో నీ ముసలితనపు సొమ్మును మట్టిలో పోయకుము" అనెను. అది దుర్మార్గపు మాట కాదు. మా ప్రాంతమున నెన్నియో లోగిళ్లు అట్లే విప్పబడి, స్తంభములొక వైపునకు, తలుపులొక వైపునకు తరలిపోయినవి. నేను మూడు నెలలు ఆలోచించి, విరమణ సొమ్ములో పెద్దభాగముతో వాని పాలు కొంటిని. పత్రముపై చేవ్రాలు చేయుచు వాడు నా ముఖమువంక చూడలేదు. అమ్మినచో వచ్చెడి ధరకంటె నేనిచ్చినది తక్కువ యని యిద్దరమును ఎరుగుదుము.

మా యింటి యిల్లాలు వేరొక మాట చెప్పినది. "మీ లోగిలి మీకు ముచ్చట. ఆ చీకటి వంటయింటి పొగలో మీ బామ్మగారు, అత్తగారు కన్నులు పోగొట్టుకొన్నారు. రాత్రి వేళ లాంతరు పట్టుకొని పెరటి చివరకు పోవుట నాకు గుర్తున్నది. వంటయింటికి వెలుతురు, లోపల స్నానపుగది యేర్పడిననే నేనచ్చట కాపురముందును." పాత యింటిని పొగడువారిలో నెక్కువ మంది ఆ వంటయింటిలో పనిచేయనివారే. ఆమె మాట న్యాయమని యొప్పుకొంటిని.

పనికి పూనుకొనగా తగిన పనివాడు దొరకుటయే గగనమైనది. వచ్చినవారెల్ల "పడగొట్టి కట్టుడు, చవుక" అనిరి. తుదకు ప్రక్క యూరినుండి యొక ముసలి తాపీమేస్త్రి వచ్చెను. అతడు కొలబద్ద తీయలేదు. వ్రేళ్ల గణుపులతో గోడను పొడవునను తట్టుచు, చెవియొగ్గి విని, నాతో నిట్లనెను: "మేష్టారూ, గోడకి గొంగళి కప్పి గొంతుదాకా బిగించేశారండి. చెమట ఎటు పోద్దండి?"

ఆ మాటలో శాస్త్రమంతయు నున్నది. కోనసీమలో త్రవ్విన కొలది దూరముననే నీరు పడును. ఆ చెమ్మ వత్తిని నూనె యెక్కినట్లు ఇటుకల సన్నని రంధ్రముల గుండ గోడలోనికి ఎక్కుచునే యుండును. సున్నపుబూత దానిని ఆపదు. ఆవిరియై వెలుపలికి పోనిచ్చును. అందుచే ఎంత యెక్కునో అంతయు ఆరిపోవుచుండును. సిమెంటు పూత ఆ దారిని చాల వరకు మూసివేయును. చెమ్మ బయటపడలేక, తెరపి దొరకువరకు పైపైకి ప్రాకును. నేలలోని ఉప్పు దానితోపాటు వచ్చి, ఆరినచోట స్ఫటికములై, ఇటుకను లోపలినుండి పగులగొట్టును. మేస్త్రి పూత నొకచోట ఊడదీయగా వెనుక ఇటుక కుంకుమవలె రాలినది. నేను గోడకు కవచము తొడిగితి ననుకొంటిని. ఆ కవచమే దానిని తినివేసినది.

సిమెంటు చెడ్డదని నేననను. 1824లో ఇంగ్లండున జోసెఫ్ ఆస్పడిన్ అను తాపీపనివాడు పోర్ట్‌లాండు సిమెంటునకు హక్కుపత్రము పొందినది మొదలు, లోకమున గొప్ప వంతెనలకును, ఆనకట్టలకును అది యాధారమైనది. వియ్యమునకైనను కయ్యమునకైనను సమవుజ్జీ కావలెనందురు. మెత్తని పాత యిటుకకు కఠినమైన సిమెంటు సమవుజ్జీ కాదు. గోడ యెండకు వానకు కొంచెముగా సాగుచు ముడుచుకొనుచు నుండును. సున్నము దానితో సర్దుకొనును, సిమెంటు చీలును. చీలికల గుండ వాననీరు పోయి, మరల రాలేక లోపలనే నిలుచును.

సున్నపు చరిత్ర విచిత్రమైనది. సున్నపురాతిని గాని, సముద్రపు గుల్లలను గాని తొమ్మిదివందల డిగ్రీల వేడిలో కాల్చినచో, బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును. నూరు పాళ్ల స్వచ్ఛమైన రాతిలో నలువదినాలుగు పాళ్లు గాలిలో కలిసి, ఏబదియారు పాళ్లు కాలిన సున్నముగా మిగులును. నీళ్లు పోసినంతనే అది కుతకుత నుడికి విచ్చును. ఇసుకతో కలిపి గోడకు పూసిన పిమ్మట, పోగొట్టుకొన్న ఆ వాయువునే గాలినుండి మెల్లమెల్లగా తిరిగి తీసికొని, మరల రాయి యగును. ఇది దినములలో తీరెడి పని కాదు. నెలలు, ఒక్కొక్కప్పు డేండ్లు పట్టును. ఇంటివానికి తొందర పనికిరాదనుట కిదియే కారణము.

ఇచ్చట నొక లజ్జ చెప్పుకొనవలెను. వరాహమిహిరుని బృహత్సంహితలో వజ్రలేప మను ప్రకరణము కలదు. తుమికి కాయలు, వెలగ కాయలు మొదలగువానిని కషాయముగా కాచి లేపము చేయు విధమందు చెప్పబడినది. నేను దానిని చదివితిని. పదవిభాగము చేసి చెప్పగలను. కాని నా జన్మమున సున్నము తడిపి యెరుగను. ఆ పుస్తకము పేరైన వినని మేస్త్రి, కరక్కాయలు నలుగగొట్టి బెల్లపు నీటిలో నానవేసి, ఆ నీటిని సున్నములో పోసి రుబ్బించెను. శబ్దము నా యొద్దను, అర్థము అతని యొద్దను ఉన్నవని నాకు తోచినది.

2019 సంక్రాంతి వెళ్లిన పిమ్మట పని మొదలైనది. మేస్త్రి క్రమము చెప్పెను: మొదట తల, పిమ్మట పాదము, చివరకు ఒళ్లు. తల యనగా కప్పు. పెంకులు దింపి, పగిలినవి తీసివేసి, వాసములు సరిచేయించి మరల నేయించితిమి. చివికిన దూలము నంతయు మార్పక, చెడిన కొన కోసి, క్రొత్త టేకు ముక్కను కొయ్యచీలలతో అతికించిరి. అప్పుడొక వింత కనబడినది. కీలు విప్పినచోటనెల్ల ఉలితో గీసిన చిన్న గుర్తులున్నవి: ఒక గీత, రెండు గీతలు, కొంకి. ఏ కొన ఏ తొలిలో దిగవలెనో తెలుపుటకు 1924 నాటి వడ్రంగులు పెట్టినవవి. నేటి వడ్రంగి ఆ గుర్తులు చూచుకొనియే తిరిగి కూర్చెను. ముత్తాతగారి పేరు ద్వారము మీద నున్నది. ఆ పనివారి వ్రాత యిన్నాళ్లు చీకటిలో నుండెను. ఆ దినము నాకు కలిగిన సంతోషము మరి యే దినమునను కలుగలేదు.

పాద మనగా నేల. వీథి రోడ్డు మీద ఏటేట పొరలు పడి, మా అరుగు మొదలు పల్లమైపోయినది. వాననీరు గోడ నంటి నిలుచుచుండెను. చుట్టును మట్టి తీయించి, నీరు పెరటి కాలువకు పోవునట్లు వాటము చేయించితిమి. సగము చెమ్మ అంతటితోనే తగ్గినది. పిమ్మట సిమెంటు పూత ఊడదీసి, గోడను ఒక యేటి వేసవి యంతయు ఆరనిచ్చితిమి. 2020లో కరోనా వ్యాధి వలన పనులు కొన్ని నెలలు నిలిచినవి. గోడకు మాత్రము ఆ విరామము మేలే చేసినది. మరల మొదలుపెట్టినపుడు నేను తొందరపడి, మేస్త్రి వద్దన్నను మండుటెండలో నొక గోడ పూయించితిని. మూడు దినములలో అది సాలెగూడువలె పగిలెను. గీయించి మరల పూయించి, తడి గోనెలు కప్పవలసి వచ్చినది. ఆ ఖర్చు నా బుద్ధికి చెల్లించిన రుసుము.

వంటయింటికి రెండు పెద్ద కిటికీలు పెట్టించితిమి. వసారా చివర స్నానపుగది కట్టించితిమి; క్రొత్తగా కట్టిన ఆ భాగమున సిమెంటే వాడితిమి. 2021 ఉగాదికి గృహప్రవేశము వంటిది చేసికొంటిమి. అనుకొన్న దానికి ఖర్చు రెట్టింపైనది, కాలము రెట్టింపు దాటినది.

పాత యిల్లు గలవారికి నేను చెప్పదగినవి కొలదిగా నున్నవి. ప్రతి పాత యింటిని నిలుపుడని చెప్పను. పునాది క్రుంగి, గోడ ఒరిగినచో మమకారము ప్రాణాపాయము. నిలుపదగినదైనచో, ముందొక వానకాలమంతయు కాపురముండి, నీరెచ్చటనుండి వచ్చి యెచ్చటికి పోవుచున్నదో చూడుడు. దేనితో కట్టిరో దానితోనే బాగుచేయుడు. చెడినంత మేరకే మార్చుడు. ఆ పని తెలిసిన ముసలి మేస్త్రి యున్నచో, అతని ప్రక్కన నొక పడుచువానిని నిలుపుడు. ఇంటికంటె ముందు ఆ విద్య కూలిపోవుచున్నది. ఏటేట సున్నము వేయింపుడు.

గడచిన శ్రావణమున మా తమ్ముడు వచ్చెను. అమ్మకమే తెలివైన పని యని వాడిప్పటికిని అనుచున్నాడు; లెక్క ప్రకారము వాని మాటయే నిజము కావచ్చును. ఆ సాయంకాలము వాన వచ్చినది. నాలుగు చూరుల నీరును మండువాలో పడుచుండగా వాడు వసారాలో స్తంభమునకు చేరగిలబడి చాలసేపు చూచెను. పిమ్మట లేచి, చేతితో గోడను తడవి, పొడిగా నున్నదని చూచుకొని, "అన్నయ్యా, ఈ సంక్రాంతి వెల్ల నా ఖర్చు" అనెను.

సెలవు.